ప్రతి కడుపు బాధా అగ్నిమాంద్యం కాదు

ఉదయం పూట మా ఇంటి అరుగు మీద కూర్చునే రోగులలో సగం మంది చెప్పే మొదటి మాట ఒకటే: "అరగడం లేదండీ." ఈ ఒక్క మాటలో ఎన్ని రకాల బాధలు దాగి ఉంటాయో చెప్పలేను. ఒకరికి భోజనం కాగానే పొట్ట ఉబ్బరం, ఒకరికి పుల్లని త్రేన్పులు, ఒకరికి పాలు తాగితే విరేచనం, మరొకరికి వీపులోనికి దూసుకుపోయే నొప్పి. అందరూ పెట్టుకున్న పేరు మాత్రం అజీర్ణం. అందరి చేతి సంచీలోనూ ఒక చూర్ణం డబ్బా, ఒక జీర్ణౌషధం సీసా ఉంటాయి. మా వద్దకు రావడానికి ముందే నెలల తరబడి వాడి ఉంటారు.

నేను ఆయుర్వేదం గురుముఖతః నేర్చుకున్నవాడిని. శొంఠి, వాము, ఇంగువ, మజ్జిగల మీద నాకున్న విశ్వాసం నలభై ఏళ్ళ వైద్యంలో ఇసుమంత కూడా తగ్గలేదు. అయినా పాఠక మహాశయులతో ఒక మాట నిష్కర్షగా మనవి చేయదలచాను. ప్రతి కడుపు బాధకూ అగ్నిమాంద్యమని పేరు పెట్టి, వంటింటి డబ్బాలలోనే మందు వెదకడం ప్రమాదకరం. ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఒకప్పుడు నేనే ఆ పొరపాటు చేశాను. దానికి మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు, ఒక యువకుడు. ఆ సంగతి తరువాత చెబుతాను. అది బోధపడాలంటే, మనం తిన్న అన్నం ఎక్కడ, దేనివల్ల పచనమవుతున్నదో ముందుగా తెలుసుకోవలెను.

గిన్నె కింద నిప్పు

చరక సంహిత చికిత్సా స్థానంలోని పదిహేనవ అధ్యాయం గ్రహణీ రోగానికి సంబంధించినది. గిన్నెలో నీరు, బియ్యం పోసి కింద నిప్పు పెడితే అన్నం ఉడికినట్లు, ఆశయంలో ఉన్న ఆహారాన్ని కింద ఉన్న అగ్ని పచనం చేస్తుందని అందులో ఉపమానం కలదు. దీనిని మా గురువుగారు పాఠం చెప్పిన రోజున నాకు పద్నాలుగేళ్ళు. "గురువుగారూ, కడుపులో నిప్పుంటే ప్రేగులు కాలవా అండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "మండించేదంతా మంట కాదురా. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. అందులో నిప్పెక్కడ ఉంది?" అన్నారు.

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. పిత్తం వేరు, అగ్ని వేరా అన్న ప్రశ్నను సుశ్రుతులవారు సూత్ర స్థానంలోనే వేసుకుని, పిత్తాన్ని విడిచి శరీరంలో మరొక అగ్ని కానరాదని నిర్ణయించారు. పిత్తమంటే ద్రవం. కాబట్టి జఠరాగ్ని అంటే జ్వాల కాదు, పచనం చేసే ద్రవం. నేటి శరీరశాస్త్రం జీర్ణరసాలని, వాటిలోని పచన ద్రవ్యాలను ఎంజైములని పిలుస్తున్నది.

మరి ఆ అగ్ని స్థానం ఎక్కడ? జీర్ణమంతా జీర్ణాశయంలోనే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. పేరు కూడా అలాగే ఉంది మరి! కాని ఆమాశయానికీ పక్వాశయానికీ నడుమ ఉండే గ్రహణిని అగ్ని స్థానంగా మన సంహితలు చెప్పాయి. నాభికి పైన ఉండి, పచనం కాని అన్నాన్ని పట్టి ఉంచి, పచనమైన దానిని ముందుకు విడుస్తుంది గనుక దానికి గ్రహణి అని పేరు. నేటి శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఇదే. జీర్ణాశయం అన్నాన్ని మెదిపి, పులిపి, మాంసకృత్తుల పచనాన్ని ఆరంభించి, కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది. అసలు పచనమంతా దాని తరువాత వచ్చే చిన్నప్రేగులోనే జరుగుతుంది.

పులిసిన అన్నం, తేట రసం

చిన్నప్రేగు మొదటి భాగం ఆంత్రమూలం. దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. పాశ్చాత్యులు దానికి పెట్టిన పేరుకు మూలార్థం పన్నెండు అని. పన్నెండు వేళ్ళ వెడల్పంత ఉంటుందని ప్రాచీన గ్రీకు వైద్యులు కొలిచారు. మన అంగుళి ప్రమాణం వంటిదే అది కూడా. ఈ ఆంత్రమూలపు వంపులో తల పెట్టుకుని, జీర్ణాశయం వెనుక అడ్డంగా పడుకున్నట్లు ఉండే మెత్తని అవయవం క్లోమగ్రంథి. దాని పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు లోపే. అంత చిన్న గ్రంథి రోజుకు సుమారు లీటరున్నర రసాన్ని స్రవిస్తుంది.

జీర్ణాశయం నుండి దిగే అన్నం ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. ఆ ఆమ్లం ఆంత్రమూలపు గోడను తాకగానే క్లోమం నుండి తేటగా, క్షార గుణంతో ఉన్న రసం ప్రవహించి పులుపును విరిచేస్తుంది. మనం వంటింట్లో వాడే తినే సోడా జాతికి చెందిన బైకార్బొనేట్ లవణమే ఆ రసానికి క్షారగుణాన్ని ఇస్తున్నది. పులుపు విరగకపోతే క్లోమరసంలోని ఎంజైములు పని చేయలేవు. అది తినేస్తే ప్రేగు గోడకు పుండు పడుతుంది.

ఆమ్లం పడినట్లు క్లోమానికి కబురు ఎవరు చేరవేస్తున్నారు? నరాలేనని పందొమ్మిదవ శతాబ్దపు చివరి వరకు అందరూ తలచారు. జీర్ణరసాల మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ అభిప్రాయమూ అదే. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్నప్రేగులో కొంత భాగానికి నరాల సంబంధం తెంపివేసి, అందులో ఆమ్లం పోసి చూశారు. అయినా క్లోమం రసాన్ని స్రవించింది. ప్రేగు లోపొరను గీకి తీసిన సారాన్ని రక్తంలోనికి ఎక్కించినా స్రవించింది. అంటే ప్రేగు తానే ఒక పదార్థాన్ని తయారు చేసి, రక్తం ద్వారా క్లోమానికి కబురు పంపుతున్నదన్న మాట. దానికి వారు సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోనికి తెచ్చాడు. అన్నంలోని కొవ్వు, మాంసకృత్తులు తగిలినప్పుడు ప్రేగు నుండి కోలిసిస్టోకైనిన్ అనే రెండవ కబురు వెళ్ళి, పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని దింపుతుంది, క్లోమం నుండి ఎంజైములను రప్పిస్తుంది.

ఈ విషయాన్ని మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, ఆమ్లభావం పొందిన అన్నం ఆశయం నుండి జారేటప్పుడు తేట అయిన పిత్తం, అనగా అచ్ఛపిత్తం, వెలువడుతుందని చరక సంహితలోని అదే అధ్యాయం చెబుతున్నది. రోగిని, అన్నాన్ని, మలాన్ని, వాంతిని ఓపికగా గమనించి ఈ క్రమాన్ని ఊహించిన ఆ దృష్టికి నేను నమస్కరిస్తాను.

అయితే ఇక్కడ ఆగవలెను. "చూశారా, మనవారికి ఇదంతా ముందే తెలుసు" అని ఛాతీ విరుచుకునేవారితో నేను ఏకీభవించను. మన పూర్వులు క్రమాన్ని గుర్తించారు. క్లోమం నుండి ఆంత్రమూలానికి వచ్చే నాళాన్ని వారు వర్ణించలేదు. దానిని 1642లో ఇటలీలోని పాడువా నగరంలో విర్సుంగ్ అనే వైద్యుడు చూశాడు. చివరకు క్లోమం అనే పేరు విషయంలో కూడా పేచీ ఉంది. బడి పుస్తకాలలో పిల్లలు చదివే క్లోమం అన్న మాట సంహితలదే గాని, చరకులవారు క్లోమాన్ని తాలువుతో కలిపి ఉదకవహ స్రోతస్సులకు మూలమన్నారు, దప్పికతో ముడిపెట్టారు. అది గొంతు భాగమని కొందరు, ఊపిరితిత్తి అని కొందరు, పిత్తాశయమని మరికొందరు పండితులు వాదిస్తున్నారు. పేరు ఒక్కటైనంత మాత్రాన వస్తువు ఒక్కటి కాదు. పూర్వులను గౌరవించడమంటే వారు చెప్పనిది వారి నోట పెట్టడం కాదు.

ఒరలోని కత్తులు

క్లోమరసంలో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్, మాంసకృత్తులను ముక్కలు చేసే ట్రిప్సిన్ మొదలైనవి ఉంటాయి. కొవ్వు పచనంలో క్లోమరసం పాత్రను పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలంలో ఫ్రాన్సు దేశపు క్లాడ్ బెర్నార్డ్ నిరూపించాడు. పైత్యరసంలో ఎంజైములు లేవు. సబ్బు నూనె జిడ్డును విడదీసినట్లు అది కొవ్వును సన్నని బిందువులుగా చేస్తుంది, లైపేజ్ ఆ బిందువులను పట్టి విడగొడుతుంది. ఒకటి లేనిది రెండవది సగం పనే చేయగలదు.

ఇక్కడ ఒక సందేహం కలగాలి. మాంసాన్ని కరిగించే ట్రిప్సిన్, మాంసమే అయిన క్లోమాన్ని ఎందుకు కరిగించదు? క్లోమం దానిని ఒరలో పెట్టిన కత్తిలా, పని చేయని రూపంలో పంపుతుంది కనుక. ఆ ఒరను తీసేది చిన్నప్రేగు గోడలోని ఎంటెరోకైనేజ్ అనే మరొక ఎంజైము. 1899లో పావ్లోవ్ ప్రయోగశాలలో అది వెలుగులోనికి వచ్చింది. పొరపాటున క్లోమంలోనే కొద్దిపాటి ట్రిప్సిన్ మేల్కొంటే దానిని అణచివేయడానికి ఒక కాపలా పదార్థం కూడా అక్కడ ఉంటుంది. ఆ కాపలా తప్పితే క్లోమం తనను తానే పచనం చేసుకుంటుంది. క్లోమశోథం, అనగా ప్యాంక్రియాటైటిస్ అనే వ్యాధికి మూలం ఇదే. పిత్తాశయపు రాయి జారి నాళానికి అడ్డుపడడం, మద్యపానం దానికి ముఖ్య కారణాలు. మద్యం ముట్టని యువతీ యువకులలో క్లోమంలో రాళ్ళు ఏర్పడి క్రమంగా అది ఎండిపోయే వ్యాధి మన దక్షిణ దేశంలో ఉంది. కేరళలో దీని మీద విశేష పరిశోధన జరిగింది. ఈ రోగులలో చాలామందికి, పైన చెప్పిన కాపలా పదార్థానికి సంబంధించిన జన్యువులో మార్పు ఉన్నదని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు 2002లో ప్రకటించారు.

ప్రేగు చేసే పని

క్లోమరసం పని అయిన తరువాత కూడా అన్నం ఒంటికి పట్టే స్థితికి రాదు. చివరి మెట్టు చిన్నప్రేగుది. సుమారు 6 మీటర్ల పొడవున్న ఆ గొట్టం లోపలి గోడ నున్నగా ఉండదు. మడతలు, మడతల మీద వేళ్ళ వంటి చూషకాలు, చూషకాల మీద మరింత సన్నని నూగు. వీటన్నిటినీ పరిచితే సుమారు 30 చదరపు మీటర్లని ఇటీవలి లెక్క. ప్రేగు రోజుకు లీటరుకు పైగా రసం ఊరుస్తుంది. అయితే దాని ఎంజైములలో చాలా వరకు ఆ రసంలో తేలుతూ ఉండవు, ఆ నూగుకే అంటిపెట్టుకుని ఉంటాయి. చక్కెరను విడగొట్టే సుక్రేజ్, పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అటువంటివే.

దీనికి నిదర్శనం మన ఇళ్ళలోనే ఉంది. చిన్నతనంలో గ్లాసెడు పాలు తాగి హరాయించుకున్నవారు పెద్దయ్యాక అవే పాలకు పొట్ట ఉబ్బరమని, విరేచనమని చెబుతారు. దక్షిణ దేశంలో పెద్దవారిలో చాలామందికి లాక్టేజ్ తగ్గిపోతుంది. అది రోగం కాదు. వారికే పెరుగన్నం, మజ్జిగ హాయిగా సరిపడతాయి. తోడు వేసినప్పుడు పాలలోని చక్కెర కొంత పులిసి తగ్గుతుంది, తోడులోని సూక్ష్మజీవులు మిగిలినదానిని విడగొట్టడంలో తోడ్పడతాయి. గ్రహణీ దోషంలో తక్రాన్ని శ్రేష్ఠమని చెప్పిన పూర్వుల అనుభవానికి ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి? బిడ్డకు నీళ్ళ విరేచనాలు అయి తగ్గిన తరువాత కొన్నాళ్ళు పోతపాలు పడకపోవడానికి కారణమూ ఇదే. ప్రేగు లోపొర దెబ్బతిని, దానితో పాటు లాక్టేజ్ కొట్టుకుపోతుంది. ఆ పొర కొద్ది రోజులలో మళ్ళీ మొలుస్తుంది కనుక గాభరా పడనవసరం లేదు. తల్లిపాలు మాత్రం మాన్పించరాదు.

లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ఆంత్రరసం అన్నీ కలిపి రోజుకు సుమారు 7 లీటర్లు. మనం తాగే నీరు, ఆహారంలోని నీరు మరో 2 లీటర్లు. ఈ 9 లీటర్లలో మలం ద్వారా బయటికి పోయేది గ్లాసెడు కూడా కాదు. తక్కినదంతా ప్రేగులు తిరిగి పీల్చుకుంటాయి. ఇంత పెద్ద వ్యవహారం మన ప్రమేయం లేకుండా ప్రతి దినమూ జరిగిపోతున్నది.

నా పొరపాటు

ఇక నేను దాచుకోకూడని సంగతి. 1996లో ఇరవైరెండేళ్ళ యువకుడిని అతని తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. పై కడుపులో నొప్పి, అది వీపులోనికి పోతుంది. నొప్పి వచ్చినప్పుడు దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చుంటాడు. మలం జిడ్డుగా, దుర్గంధంతో, ఎన్ని నీళ్ళు పోసినా పోకుండా ఉంటుందని తల్లి సిగ్గుపడుతూ చెప్పింది. తిండి బాగానే తింటున్నా ఒళ్ళు తగ్గిపోతున్నాడు. మద్యం, పొగ ఏమీ లేవు.

నేను నాడి చూశాను, నాలుక చూశాను. గ్రహణి అన్నాను. చిత్రకాది వటి, లవణ భాస్కర చూర్ణం ఇచ్చి, నేతి పదార్థాలు మాన్పించి, మూడు పూటలా మజ్జిగ చెప్పాను. నొప్పి కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది. తగ్గినప్పుడు నా మందు గొప్పదనుకున్నాను, వచ్చినప్పుడు పథ్యం తప్పాడనుకున్నాను. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకనాడు అతిదాహం, అతిమూత్రం అంటూ వచ్చాడు. అప్పుడు గాని నాకు భయం కలగలేదు. పెద్దాసుపత్రికి పంపాను. మామూలు ఎక్స్‌రేలోనే క్లోమం పొడవునా రాళ్ళు తెల్లని చుక్కల్లా కనిపించాయి. మధుమేహం వచ్చేసింది. క్లోమం జీర్ణరసాలనే కాక ఇన్సులిన్‌ను కూడా తయారు చేస్తుందని నాకు తెలియనిది కాదు. తెలిసినది ఆ రోగి ముఖం చూసినప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పిన మజ్జిగ ఒక్క పూట కూడా మానలేదండీ, వైద్యులుగారూ" అన్నది, అంతే. నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయి ఉండేవాడినేమో.

అతడు జీవించే ఉన్నాడు. ఇన్సులిన్ వేసుకుంటాడు, భోజనంతో పాటు క్లోమ ఎంజైముల గుళికలు మింగుతాడు. నేను ముందే గుర్తించి ఉంటే రాళ్ళు రాకుండా ఆపగలిగేవాడినని చెప్పను. కాని ఎనిమిది నెలల నొప్పిని, ఒళ్ళు కృశించడాన్ని తగ్గించి ఉండవచ్చు, మధుమేహం మీద మొదటి నుండీ కన్ను వేసి ఉండవచ్చు.

నాడు నాకు తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పవలెను. క్లోమానికి అపారమైన నిల్వ శక్తి ఉంది. దాని ఎంజైముల ఉత్పత్తి పదింట తొమ్మిది వంతులు పడిపోయేదాకా మలంలో కొవ్వు జిడ్డుగా కనిపించదు. అంటే ఆ లక్షణం కనిపించేనాటికే చాలా ఆలస్యం అయింది. ఇక చూర్ణాలతో పరీక్షిస్తూ కూర్చునే వ్యవధి ఎక్కడ ఉంది? పైగా, క్లోమరసం చాలకపోయినా, చిన్నప్రేగు లోపొర చెడినా కృశించడం, మలం జిడ్డుగా పోవడం ఒకేలా కనిపించవచ్చు. రెండూ గ్రహణి అనే పేరు కిందికే వస్తాయి. చికిత్సలు మాత్రం వేరు. పరీక్ష లేకుండా ఆ భేదం తెలియదు.

సీసాలు, చూర్ణాలు

ఇప్పుడు జీర్ణౌషధాల సీసాల సంగతి. అనేక సీసాల మీది అక్షరాలు భూతద్దం పెట్టి చదివితే ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్ అని ఉంటుంది. మొదటిది ఒక జాతి బూజు నుండి తీసిన, పిండిని విడగొట్టే ఎంజైము. రెండవది మన జీర్ణాశయం తానే చేసుకునేది. ఆరోగ్యంగా ఉన్న క్లోమం అవసరానికి మించి ఎంజైములను స్రవిస్తున్నప్పుడు వీటి అవసరం ఏమిటి? క్లోమం నిజంగా చెడినవారికి కొవ్వును పచనం చేసే లైపేజ్ కావాలి. అది లేని సీసాతో వారికి ప్రయోజనం లేదు. వారికి వైద్యులు ఇచ్చే గుళికలు జీర్ణాశయపు ఆమ్లానికి చెడకుండా పూత పూసినవి. వాటిని భోజనానికి ముందో తరువాతో కాక, భోజనంతో పాటే మింగవలెను. సాధారణంగా అవి పంది క్లోమం నుండి తీసినవి. శాకాహార కుటుంబాలకు ఆ మాట వైద్యుడు ముందే చెప్పడం ధర్మం.

చూర్ణాలూ ఇదే తూకంలో తూగవలెను. హింగ్వాష్టక చూర్ణాన్ని నేను నేటికీ ఇస్తాను. పెళ్ళి భోజనం చేసిన మర్నాటి బరువుకు, వాయువు బిగిసిన పొట్టకు, నేతితో కలిపి మొదటి ముద్దలో తీసుకుంటే హాయినిస్తుంది. వాము నీళ్ళు, శొంఠి, జీలకర్ర, మజ్జిగ కూడా అటువంటివే. వాటి పని రెండు మూడు రోజులది. ఏళ్ళ తరబడి ప్రతి భోజనానికీ ఊతకర్ర కావలసి వస్తే, కాలికి ఏమైందో చూడవలెను గాని కర్రలు మారుస్తూ పోరాదు. లవణ భాస్కరంలో పేరుకు తగినట్టే ఉప్పు చాలా ఉంటుంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దానిని నిత్యం వాడరాదు.

క్లోమానికి మనం చేయగల ఉపకారం సీసాలలో లేదు, తినే తీరులో ఉంది. వేడిగా, తగు మాత్రంలో, వెనుకటి భోజనం జీర్ణమైన తరువాతనే, అతివేగంగానూ అతినిదానంగానూ కాకుండా, కబుర్లు నవ్వులు లేకుండా, భోజనం మీదే మనసుంచి తినాలని చరక సంహిత విమాన స్థానం విధించింది. అన్నం వాసన తగలగానే, రుచి తెలియగానే నరాల ద్వారా క్లోమం రసం ఊర్చడం మొదలుపెడుతుందని నేటి శాస్త్రం చెబుతున్నది. కళ్ళు టీవీకో చేతి ఫోనుకో అప్పగించి తినేవారు ఆ మొదటి పిలుపును నిర్లక్ష్యం చేస్తున్నట్లే. భోజనాల నడుమ ఖాళీగా ఉన్న ప్రేగులో ఇంచుమించు గంటన్నరకు ఒకసారి ఊడ్చి శుభ్రం చేసే కదలిక వస్తుంది. అరగంటకొకసారి ఏదో ఒకటి నోట వేసుకుంటే ఆ ఊడ్పు సాగదు. మద్యం, పొగాకు క్లోమానికి ప్రత్యక్ష శత్రువులు. ఈ విషయంలో మా శాస్త్రానికీ వారి శాస్త్రానికీ భేదం లేదు.

ఈ లక్షణాలుంటే వంటింటి వైద్యం వద్దు

గృహిణులు ఈ కింది వాటిని గుర్తుంచుకోవలెనని ప్రార్థన.

పై కడుపులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోనికి పాకుతూ, వాంతులు తోడైతే కషాయం పట్టించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. రక్తంలో లైపేజ్, అమైలేజ్ పరీక్షించి, అవసరమైతే స్కానింగ్ చేసి వారు నిర్ధారిస్తారు.

మలం జిడ్డుగా, పాలిపోయి, నీటిపై తేలుతూ, దుర్గంధంతో వారాల తరబడి పోవడం.

తిండి తింటున్నా ఒళ్ళు తగ్గిపోవడం.

యాభై దాటిన వయసులో కొత్తగా మధుమేహం కనిపించి, దానితో పాటు బరువు తగ్గడం.

కళ్ళు పచ్చబడడం. నొప్పి లేదు కదా అని పసరు మందుకు పోరాదు. నొప్పి లేని కామెర్లు పెద్ద వయసువారిలో మరింత అనుమానించదగినవి.

మలంలో రక్తం పడడం, మలం తారులా నల్లగా పోవడం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మొదట పరీక్ష, ఆ తరువాతనే పథ్యం. పరీక్షలో ఏమీ లేదని తేలితే అప్పుడు మా మజ్జిగకూ మా హింగ్వాష్టకానికీ ధైర్యంగా చోటు ఉంది.

నా సోదర వైద్యులలో కొందరికి ఈ రాతలు రుచించకపోవచ్చు. రోగిని పరీక్షకు పంపితే మన శాస్త్రం తక్కువైనట్లు వారికి తోస్తుంది. సాధ్యమేదో, అసాధ్యమేదో ముందు తెలుసుకుని తరువాత చికిత్సకు దిగమని చెప్పిన శాస్త్రమే మనది. తెలియనిచోట తెలియదని చెప్పి, తెలిసినవారి వద్దకు పంపడం వైద్యుని ధర్మం. గిన్నెలో అన్నం ఉడకకపోతే వంట చేసే ఇల్లాలు ఏం చేస్తుంది? గిన్నెలో మరికాస్త మిరియాలపొడి చల్లుతుందా? వంగి పొయ్యి వంక చూస్తుంది. ఆ ఎనిమిది నెలలూ నేను గిన్నెలో మిరియాలు చల్లాను. మీరు, మీ వైద్యుడు, ముందుగా పొయ్యి వంక చూడండి.